దొరగారికి నేర్పిన మూడు వాక్యాలు

నా స్థానంలో చేరిన అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసి, ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలో చెప్పమంది. ఫోన్‌లో నాకు జవాబులు రావు. డైరీలు చూసి రాసి పంపుతానన్నాను. ఆరేళ్ళ డైరీలు ముందేసుకుని కూర్చుంటే ఆ అమ్మాయికి పనికొచ్చేవి చాలా తక్కువ కనిపించాయి. ఏ రోజు టిఫిన్‌లో చట్నీ పులిసింది, ఏ షాట్ గ్యాప్‌లో ఏ నవల ఎన్నో పేజీ దగ్గర ఆపాను, ఇవే ఎక్కువ. అయినా ఏరి రాస్తున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళకి రిటైర్మెంటేమిటని ఇంట్లో నవ్వుతున్నారు. ఆరేళ్ళు కెమెరా కాళ్ళ దగ్గర ఒంగి కూర్చున్న నా నడుము మాత్రం నవ్వడం లేదు.

కెమెరా పక్క మనిషి

మన సినిమాల్లో తెలుగు రాని నటులు చాలామంది. వాళ్ళకి కెమెరా పక్కన ఒకరు కూర్చుని మాట మాటా అందించాలి. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. నటులు అది విని పలుకుతారు. ఎలాగూ తర్వాత డబ్బింగ్‌లో వేరేవాళ్ళ గొంతు వస్తుంది కనుక ఉచ్చారణ ఎలా ఉన్నా ఫరవాలేదు, పెదవులు కదిలితే చాలు.

నన్ను ఈ పనికి తీసుకున్నది కో-డైరెక్టర్ యాదగిరన్న. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో సీన్ పేపరొకటి చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. "వినవడ్తలేదు. మైకుల పడదు. మంచిదే, రేపు రా" అన్నాడు. చిన్న గొంతు అర్హత అయిన ఉద్యోగం ప్రపంచంలో ఇదొక్కటే కావచ్చు.

మాటలు అందిస్తున్నా పలకలేని నటులకి ఇంకో పద్ధతి ఉంది. డైలాగు బదులు అంకెలు లెక్కపెట్టడం. కోపంగా వన్, టూ, త్రీ. ప్రేమగా వన్, టూ, త్రీ. డబ్బింగ్‌లో ఆ అంకెల మీద తెలుగు పరుస్తారు. నా మొదటి సంవత్సరంలో ఒక హీరోయిన్ వానలో తడుస్తూ తన ప్రేమ చెప్పుకోవాలి. ఇరవై దాకా లెక్కపెట్టాలి, ఇరవై అనగానే హీరో కౌగిలించుకోవాలి అని ఒప్పందం. ఆ అమ్మాయి పాపం మంచి నటి. పద్దెనిమిది దగ్గర నిజంగానే దుఃఖం పొంగుకొచ్చి ఆగిపోయింది. హీరో పంతొమ్మిది కోసం ఎదురుచూస్తూ వానలో అలాగే నిలబడ్డాడు. ట్యాంకులో నీళ్ళయిపోయేదాకా నిలబడ్డాడు.

అంకెలు పాపమని నేననను. వేగంగా పని జరుగుతుంది. కానీ కెమెరా మొహం దగ్గరికి వెళ్ళినప్పుడు దొరికిపోతాం. ప్రేక్షకుడికి కారణం తెలియదు, ఈ మనిషి మాటలో ఏదో లేదని మాత్రం తెలుస్తుంది.

దొరగారి జీవితం

పోయిన ఏడాది మా సినిమాలోకి లండన్ నుంచి ఆర్థర్ గారు వచ్చారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. వాళ్ళ దేశంలో పెద్ద పెద్ద అవార్డులన్నీ అందుకున్న నటుడు. మా యూనిట్ అంతా దొరగారు అనేవాళ్ళు. పాత్ర కూడా దొరే: ఈ గడ్డ మీదే పుట్టి, తెలుగు నేర్చి, ఊళ్ళకి నీళ్ళిచ్చే కాలువని కబ్జా చేసి కూర్చున్న ఒకనాటి ఇంగ్లీషు జమీందారు. సినిమా పొడుగునా ఇంగ్లీషే మాట్లాడతాడు. ఒక్కచోట, దాహంతో వచ్చిన మూడు వందల మంది ఎదుట, మూడు వాక్యాలు తెలుగులో చెప్పాలి. "ఈ కాలువ నాది. ఇందులో నీళ్ళు నావి. నేను చెప్పందే చుక్క కూడా కదలదు." మొహం తెర నిండా ఉంటుంది. ఆయన హైదరాబాద్‌లో ఉండేది పది రోజులు. పదో రోజు ఆ సీను.

డైరెక్టరు గారిది భీమవరం వైపు. కోపం వస్తే మరీ మర్యాదగా మాట్లాడే రకం. దొరగారికి తెలుగెక్కడ వస్తుందండీ, అంకెలతో లాగించేద్దాం అన్నారు మొదటి మీటింగులోనే. అది ఆర్థర్ గారికి అనువదించి చెప్పాను. తర్వాత జూబ్లీహిల్స్ గెస్ట్‌హౌస్ మెట్ల మీద నన్ను ఆపి చెప్పారు. ఇదే ఆయన ఆఖరి సినిమా. మోకాళ్ళు ఇక ఒప్పుకోవడం లేదు. మొదటి సినిమాలో ఆయనది శవం వేషం, ఒక్క మాట లేదు. మాట లేకుండా మొదలైనవాణ్ణి లెక్కపెట్టుకుంటూ ముగించలేను, ఆ మూడు వాక్యాలూ నా నోటితో చెప్పించు అన్నారు.

అలా ఆ పది రోజులూ నేను ఆయన క్యారవాన్‌లో గడిపాను. పాఠం పావుగంట, కబుర్లు గంట. నిజం చెప్పాలంటే ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా ఆ కబుర్లలోనే తెలిసింది.

ఆయన ఓడరేవు ఊళ్ళో చేపల కొట్టు నడిపే వాళ్ళ అబ్బాయి. చిన్నప్పుడు నత్తి. కొట్టుకొచ్చినవాళ్ళని అనుకరిస్తే మాత్రం నత్తి వచ్చేది కాదట. వాళ్ళ పెద్దత్త లాగా మాట్లాడినంతసేపూ మాట గడగడా వచ్చేది, తనలాగా మాట్లాడబోతే ఆగిపోయేది. నటన నేర్పే బడిలో నీ యాస చేపల వాసన కొడుతోందన్నారట. మూడేళ్ళు నాటకాల్లో ఈటె పట్టుకుని వెనక నిలబడ్డారు. తర్వాత ఆ శవం. బల్ల మీద ఆయన పడుకుని ఉంటే, ఆనాటి ప్రఖ్యాత నటుడొకాయన మూడు పేజీల విలాపం ఏకబిగిన చేశాడట. ఆఖరి వాక్యం దగ్గర శవం తుమ్మింది. ఆ నటుడు ఇరవై ఏళ్ళు పలకరించలేదట. ఇరవై ఒకటో ఏట ఆయనే ఫోన్ చేసి, నా తండ్రి వేషానికి నిన్ను అనుకుంటున్నారు, ఈసారి ముక్కు శుభ్రం చేసుకుని రా అన్నాడట.

నేను డైరీలో గీత గీసి పెట్టుకున్న మాట వేరే ఉంది. నాలో నాకంటూ పాత్రలేం లేవు, ప్రతి వేషానికీ బతికున్న మనిషినొకణ్ణి ఎత్తుకొస్తాను అన్నారాయన. ఆయన వేసిన ప్రఖ్యాత రాజు నిజానికి చేపల కొట్టులో పెద్దత్త. అతి పెద్ద అవార్డు తెచ్చిన న్యాయమూర్తి ఒక బస్సు కండక్టరు. ప్రధానమంత్రి వేషానికి ఎత్తుకొచ్చింది వాళ్ళ పళ్ళ డాక్టరుని. మతగురువు వేషానికి మాత్రం సరైన మనిషి దొరక్క, పక్కింటి ముసలి కుక్కని చూసి చేశారట. ఆ పాత్రలో అపారమైన కరుణ కనిపించిందని పత్రికలు రాశాయట.

నేను నవ్వుకుని, రాసుకుని, పుస్తకం మూసేశాను. ఈ జమీందారుకి ఎవరిని ఎత్తుకొస్తున్నారని అడగాలని తోచలేదు. నా వృత్తి జీవితంలో పెద్ద తప్పు అదే.

నేను చూడనివి

మూడు వాక్యాలూ నా ఫోన్‌లో రికార్డు చేసి పంపించాను. షేక్‌పేటలో మా ఇల్లు ఇరుకు. నాయనమ్మ పగలు టీవీ పెట్టుకుని కునుకు తీస్తుంది. అందుకని బీరువా తలుపు తెరిచి, చీరల్లోకి మొహం పెట్టి చెప్పాను. మధ్యలో ఒకసారి తడబడ్డాను, ఆ ముక్క కత్తిరించడం నాకు చేతకాలేదు. ఆయన ఆ రికార్డు రోజుకి నలభైసార్లు వినేవారు.

మూడో రోజు, కోపంగా చెబితే ఎలా ఉంటుందో చూపించమన్నారు. చూపించాను. నా కోపం ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఎప్పుడూ అద్దంలో చూసుకోలేదు. ఆయన తల ఊపి, మీ భాషలో కోపం ఎంత లోతైనదో అన్నారు. పొంగిపోయాను.

ఆరో రోజు డైరీలో ఇలా ఉంది: "పాఠం చెబుతుంటే దొరగారు నా చున్నీ వంక చూస్తున్నారు. ఇడ్లీ సాంబారు పడిందేమోనని వెళ్ళి కడుక్కున్నాను." ఏడో రోజు: "దొరగారు తన శాలువా కొస వేలికి చుట్టుకుంటున్నారు. ఏసీ ఎక్కువైనట్టుంది. తగ్గించమన్నాను." ఎనిమిదో రోజు: "మూడు వాక్యాలూ అచ్చం నాలాగే చెప్పారు. చాలా సంతోషం."

పదో రోజు పొద్దున

స్టూడియోలో కాలువ సెట్టు వేశారు. తూము, దాని మీద రాతి అరుగు, ఎదురుగా చిరిగిన పంచెల్లో మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు. దొరగారు పొడుగాటి కోటు, భుజం మీద పట్టు శాలువాతో వచ్చారు. చూస్తేనే దాహం వేసేంత దర్జా. యాక్షన్ అన్నారు.

ఆయన అరుగు అంచుకి వచ్చారు. జనాన్ని చూశారు. వెంటనే చూపు దించి తన బూట్లు చూసుకున్నారు. రెండుసార్లు చిన్నగా దగ్గారు. శాలువా కొస చూపుడు వేలికి చుట్టుకుంటూ, గొంతు సన్నం చేసి, "ఈ కాలువ నాది" అన్నారు, ఎవరిదో కాలువ అడిగి తీసుకున్నట్టు. "ఇందులో నీళ్ళు నావి" అన్నారు ఇంకా నెమ్మదిగా. "నేను చెప్పందే చుక్క కూడా కదలదు" దగ్గరికి వచ్చేసరికి చివరి మాట గొంతులోనే ఉండిపోయింది. ఆగి, తల ఒక పక్కకి వంచి, స్పష్టమైన తెలుగులో, "అయ్యో, తప్పొచ్చిందండీ, ఇంకోసారి చెప్తాను" అన్నారు.

అది నా రికార్డులో కత్తిరించని ముక్క.

మూడు వందల మంది నవ్వితే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. దొరగారికి మాత్రం ఎందుకు నవ్వారో అర్థం కాలేదు. తెలుగులో హాస్యం ఉందా ఇందులో అన్నట్టు నా వైపు చూశారు.

డైరెక్టరు గారు నా దగ్గరికి వచ్చారు. "ఏంటమ్మా ఇది? ఆయన జనాన్ని బెదిరిస్తున్నారా, సెలవు చీటీ ఇస్తున్నారా?" అన్నారు చాలా మర్యాదగా. వెనకనుంచి యాదగిరన్న, "దొరను పెండ్లిచూపులకు తయారుజేసినవేందమ్మా" అన్నాడు.

ఇంకో రెండు టేకులు చేశారు. డైరెక్టరు గారు పవర్‌ఫుల్ సార్, పవర్‌ఫుల్ అని పిడికిలి బిగించి చూపించారు. దొరగారు బూట్లని ఇంకా తీక్షణంగా చూశారు. మూడో టేకు తర్వాత తీర్పు వచ్చేసింది. ఆయన విమానం రాత్రికి. భోజనాల లోపు కుదిరితే సరే, లేకపోతే అంకెలే. భోజనాలకి ఇంకా నలభై నిమిషాలుంది.

నలభై నిమిషాలు

క్యారవాన్‌లో నేనే చెప్పాల్సి వచ్చింది: మీరు ఎత్తుకొచ్చింది నన్ను, నేను జమీందార్ని కాను, తెలుగు కోపం అలా ఉండదు, అది నా ఒక్కదాని లోపం. చెబుతూ నా చెప్పులే చూసుకుంటున్నాను, చూస్తే ఆయన కూడా ఆయన బూట్లే చూసుకుంటున్నారు. నాకు తెలిసిన తెలుగు మనిషివి నువ్వొక్కదానివే, ఇంకెవరిని తీసుకోను అన్నారు. ఆయన నా మీద కోపం తెచ్చుకుని అరిచి ఉంటే బాగుండేది. చేపల కొట్టు దగ్గర నత్తితో నిలబడ్డ అబ్బాయి మొహం పెట్టారు.

తల ఎత్తి, మీ ఇంట్లో కోపం ఎవరికి వస్తుంది అని అడిగారు.

మా నాయనమ్మకి, అన్నాను. మా గల్లీకి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. డ్రైవరు మా ఇల్లు దాటి ముందుకు పోవాలని చూస్తాడు. నాయనమ్మ గేటు ముందుకొచ్చి ఆపుతుంది. ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా ఆగకుండా పోలేదు.

ఆయన లేచి నిలబడ్డారు. నీళ్ళ గురించా, అన్నారు. అవునన్నాను. ఆమెని తీసుకురమ్మన్నారు. ఫోన్ చేశాను. "ట్యాంకరొచ్చే రోజు నేనేడికి వస్తనే? నీ దొరకు నీళ్ళు గావాల్నంటే గీడికే రమ్మను" అని పెట్టేసింది.

అయితే నువ్వే తీసుకురావాలి అన్నారు ఆర్థర్ గారు, తన కళ్ళకేసి చూపిస్తూ. అక్కడే సోఫా ముందు నిలబడి నాయనమ్మలా చేసి చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ట్యాంకర్ ఎంత దూరంలో ఉంటుంది అని అడిగారు. గల్లీ చివర అన్నాను. అయితే గల్లీ అంత దూరం కావాలి పద అని తలుపు తెరిచారు.

బయట ఆ దూరం ఉన్నది ఒక్కచోటే. సెట్టు మీద. మూడు వందల మంది ముందు.

యాదగిరన్నకి విషయం చెబితే ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అందుకే ఆయన్ని నేను మంచి బాస్ అంటాను. తిడతాడు, కానీ పని ఆగితే పక్కన నిలబడతాడు. ప్లాస్టిక్ ప్లేటొకటి స్టీరింగులా పట్టుకుని సెట్టు ఆ చివరకి పోయి, "నేను ట్యాంకర్, వస్తున్న" అని కేకేశాడు. నోటితో ఇంజను చప్పుడు కూడా చేశాడు. జూనియర్ ఆర్టిస్టులు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

నేను అరుగెక్కాను. రెండుసార్లు దగ్గాను. యాదగిరన్న ఇంజను దగ్గరికొచ్చింది. చున్నీ కొస వేలికి చుట్టుకున్నాను. ఇంజను నా ముందునుంచే పోతోంది. ఆగడం లేదు. నిజంగానే దాటి పోతోంది. ఇంటి ముందు ఖాళీ డ్రమ్ములు కళ్ళకి కట్టాయి, వాటి వెనక రెండు రోజుల అంట్లు కూడా. నా చెయ్యి దానంతటదే చున్నీని నడుముకి చెక్కింది.

"ఏయ్, ఆగు! గీ గల్లీల మనుషులు లేరనుకున్నవా? నీళ్ళు పొయ్యకుండ గీడికెల్లి ఎట్ల పోతవో నేను గూడ జూస్త!"

యాదగిరన్న బ్రేకు వేశాడు. ప్లేటు చేతిలోంచి జారింది. మంచినీళ్ళ క్యాను భుజాన వేసుకుని పోతున్న ప్రొడక్షన్ ఆయన అక్కడికక్కడే క్యాను కింద పెట్టేసి చేతులు కట్టుకున్నాడు. నేను అరుగు మీదే కూర్చున్నాను. ఆర్థర్ గారు ఒక్కటే మాట అన్నారు. ఇంకోసారి వద్దు, దొరికింది అన్నారు.

నాలుగో టేకు

దొరగారు అరుగు అంచుకి వచ్చారు. శాలువా తీసి ఒక చుట్టు చుట్టి, కొస నడుముకి చెక్కారు. ఎడమ చెయ్యి నడుము మీద పెట్టారు. గడ్డం పైకెత్తి, జనాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి, లెక్కలో ఒకరు తక్కువొచ్చినట్టు చూశారు.

"ఈ కాలువ నాది."

ముందు వరుస రెండడుగులు వెనక్కి వేసింది. వేయమని ఎవరూ చెప్పలేదు.

"ఇందులో నీళ్ళు నావి. నేను చెప్పందే చుక్క కూడా కదలదు."

ఆయన తెలుగు గొప్పగా ఉందని చెప్పను. 'చుక్క' కాస్త బరువుగా పడింది. కానీ ఆ మాట ఆయనదే. మానిటర్ దగ్గర డైరెక్టరు గారు కట్ చెప్పడం మర్చిపోతే యాదగిరన్న చెప్పాడు. "అయ్యో, తప్పొచ్చిందండీ" వస్తుందేమోనని ఇంకొంచెంసేపు అందరం ఎదురుచూశాం. రాలేదు. భోజనాలకి ఇంకా మూడు నిమిషాలుంది. సాయంత్రం దొరగారి చేతే గుమ్మడికాయ కొట్టించారు. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత పని ముగించిన మనిషి, ముక్కలు అందరికీ పంచాలేమో అనుకుని ఏరబోయారు.

కొత్తగా వచ్చే అమ్మాయికి

డబ్బింగ్ కళాకారుడొకాయన దొరగారి తెలుగుకి గొంతు ఇవ్వడానికి వచ్చి, ఆ మూడు వాక్యాలు విని, ఇవి ఇలాగే ఉంచండి, నేను ఇంతకంటే భయపెట్టలేను అన్నాడట. అలా ఉండిపోయాయి.

కాబట్టి నీకు చెప్పేదేమిటంటే, మాట అందించేటప్పుడు నువ్వు మాటొక్కటే అందిస్తున్నానని అనుకుంటావు. మంచి నటుడు మాటతో పాటు నీ దగ్గు, నీ భయం, నీ చున్నీ కొస కూడా పట్టుకుపోతాడు. మామూలు నటుడు మాట కూడా తీసుకోడు, వాడితో ఇబ్బంది లేదు. రికార్డు పంపే ముందు ఒకసారి విను. తప్పులు కత్తిరించడం నేర్చుకో. నడుముకి బెల్టు కొనుక్కో.

నేనెందుకు మానేశానని అడిగావు. ఆ రోజు తర్వాత నా చిన్న గొంతు పోయిందని అందరూ నమ్మారు. నెల తిరక్కుండా మూడు ఆఫీసుల నుంచి పిలుపులొచ్చాయి, మూడూ అరవడానికి. ఒక హీరోయిన్‌కి పోట్లాట నేర్పాలట. ఒక చోట నేను వెళ్ళగానే కుర్చీలు నా వైపు తిప్పుకున్నారు. ఇప్పుడు టోలిచౌకిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ గోడ మీద నిశ్శబ్దం అని రాసి ఉంటుంది. నేను ఎవరికీ చెప్పక్కర్లేదు.

సినిమా వచ్చిన వారం నాయనమ్మని హాలుకి తీసుకెళ్ళాను. ఏమీ చెప్పలేదు. కాలువ సీను వచ్చింది. దొరగారు శాలువా నడుముకి చెక్కారు, చెయ్యి నడుము మీద పెట్టారు, గడ్డం ఎత్తారు. నాయనమ్మ ముందుకి ఒంగి తెరని పరీక్షగా చూసింది. నేను నాయనమ్మని చూస్తున్నాను. మూడు వాక్యాలూ అయిపోయాక వెనక్కి వాలి, తల అడ్డంగా ఊపింది.

"ముసలోనికి జరంత గూడ సిగ్గు లేదే. నీళ్ళ కోసం గింతమంది ముంగట గట్ల ఒర్రుతడా? ఇంట్ల ఎవలు నేర్పిన్రో ఏమో."